కారు మీద సాలెగూడు

పిల్లలూ! ఈ నెల మన శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి సికింద్రాబాదు నుంచి వచ్చింది. రాసినవాడు మారేడుపల్లిలో ఉంటాడు, ఏడో తరగతి చదువుతున్నాడు. పేరు వెయ్యవద్దన్నాడు గనక వెయ్యటం లేదు. ఎందుకు వద్దన్నాడో మీకే తెలుస్తుంది.

వాళ్ళ నాన్నగారు చాలా ఏళ్ళు స్కూటరు మీద తిరిగి, డబ్బు కూడబెట్టి, ఈ మధ్య ఒక పాత కారు కొన్నారు. ముదురు నీలం రంగుది. ఇంట్లో అందరికీ సంబరమే. దాన్ని శుభ్రంగా ఉంచే పూచీ నాదని మనవాడు తనంతట తానే మీద వేసుకున్నాడు. రోజూ బడికి వెళ్ళే ముందు ఒక పొడిగుడ్డ తీసుకుని కారంతా గట్టిగా తుడిచేవాడు. ఒక్కరోజు కూడా మానలేదు. మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం ఎండలో చూస్తే, బానెట్టు మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపించాయి! ఎంత తుడిచినా పోలేదు.

"నాన్న ఇంకా చూడలేదు. చూస్తే ఎవరు గీశారని అడుగుతారు. కారును నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు. గీతలు ఎట్లా పడ్డాయి? చెరపటం ఎట్లా?" అని అడిగాడు.

నాయనా, గీతలు నువ్వే గీశావు. కాని ఒక్క మాట. తెల్లవారుజామున సికింద్రాబాదులో ఏ వీధిన పోయినా, పెద్దవాళ్ళు కూడా నీలాగే పొడిగుడ్డతో కార్లు తుడుస్తూ కనిపిస్తారు. గీతలు వాళ్ళూ గీస్తున్నారు. వాళ్ళు ఎండలో వంగి చూడలేదు, నువ్వు చూశావు, అంతే తేడా.

గీసింది గుడ్డ అనుకుంటున్నావేమో. గుడ్డ కాదు, దుమ్ము. అది కూడా మీ ఊరి దుమ్ము!

సికింద్రాబాదు చుట్టూ ఎక్కడ చూసినా బండలే గదా. మౌలాలీ గుట్ట మీరంతా చూసే ఉంటారు. తిరుమలగిరి వైపు వెళ్ళితే ఎవరో పేర్చిపెట్టినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడిన గుండ్లు కనిపిస్తాయి. అదంతా గ్రానైటు. దాని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లారి, వానకు నాని, అది కొంచెం కొంచెంగా రాలిపోతూ ఉంటుంది. ఇళ్ళు కట్టటానికి మనం పగలగొట్టే రాయి సరేసరి. గ్రానైటులో ముఖ్యంగా మూడు ఖనిజాలు ఉంటాయి: ఫెల్డ్‌స్పార్, అభ్రకం, పలుగురాయి. మొదటి రెండూ కాలక్రమాన మెత్తబడి మట్టిలో కలిసిపోతాయి. పలుగురాయి మాత్రం లొంగదు. ఎంత చిన్న రేణువైనా పలుగురాయి పలుగురాయే. మీ వీధిలో లేచే దుమ్ములో అదే ఉంటుంది.

అది ఎంత గట్టిదో చెప్పటానికి ఒక కొలత ఉన్నది. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పది ఖనిజాలను తీసుకుని, ఏది దేన్ని గీస్తుందో చూసి, వరసగా పేర్చాడు. అన్నిటికన్నా మెత్తనిది, బలపాలు చేసే మెత్తటి రాయిలో ఉండే ఖనిజం. దానికి 1 అంకె. అన్నిటికన్నా గట్టిది వజ్రం, దానికి 10. మన గోరు సుమారు రెండున్నర. కిటికీ అద్దం ఐదున్నర. పలుగురాయి 7! అంటే అద్దాన్ని కూడా గీస్తుందన్నమాట. ఇక కారు రంగు అనగా ఎంత?

కారు పైన ఉన్నది ఒక్క పూత కాదు. ఇనప రేకు మీద మొదట ఒక పూత, దాని మీద రంగు, దాని మీద రంగులేని పారదర్శకపు పూత వేస్తారు. మనకు కనిపించే నిగనిగ అంతా ఆ చివరి పూతదే. నిజానికి అది ఒకరకం ప్లాస్టిక్కు. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు మాత్రమే. ఒక మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మీ తల వెంట్రుక ఒకటి పీకి చూసుకోండి, ఆ పూత దానికన్నా పలచన! అంత పలచని ప్లాస్టిక్కు మీద పలుగురాయి రేణువులు పరుచుకుని ఉంటే, పైన గుడ్డ వేసి, చేత్తో అదిమి, గుండ్రంగా రుద్దారనుకోండి. గరుకు కాగితంతో రుద్దినట్టే గదా!

దుమ్ము ఊరికే కారు మీద పడి ఉంటే గీతలు పడవు. అది వారం రోజులు ఉన్నా కారుకు వచ్చే నష్టం కొంచెమే. తుడిచినప్పుడే నష్టం. కారును బాగా ప్రేమించేవాడి కారుకే ఎక్కువ గీతలు పడటం చిత్రంగా లేదూ?

గీతలు సాలెగూడులా ఎందుకున్నాయి అన్నది ఇంకా చిత్రమైన సంగతి. మనవాడు గుండ్రంగా తుడిచాడు గనక గుండ్రని గీతలు పడ్డాయనుకుంటారు. నిలువుగా తుడిచినా, అడ్డంగా తుడిచినా మూడు నెలలకు గీతలు అన్ని వైపులా పడతాయి, ఎండలో మాత్రం గుండ్రంగానే కనిపిస్తాయి. ఒక పాత స్టీలు కంచం తీసుకుని రాత్రి దీపం కింద పట్టి చూడండి. దీపం ప్రతిబింబం చుట్టూ సన్నని వలయాలు కనిపిస్తాయి. కంచాన్ని కదపకుండా మీ తల పక్కకు జరపండి. వలయాలు కూడా జరుగుతాయి! నిజంగా వలయాలే గీసి ఉంటే అవి ఉన్నచోటే ఉండాలి గదా. అసలు సంగతి ఏమిటంటే, ప్రతి గీతా సన్నని కాలువ వంటిది. వెలుగు దాని మీద అడ్డంగా పడ్డప్పుడే మన కంటికి మెరుస్తుంది. వెయ్యి గీతలలో దీపం చుట్టూ అడ్డంగా ఉన్నవి మాత్రం మెరుస్తాయి, తక్కినవి దాక్కుంటాయి. మెరిసినవన్నీ కలిసి మనకు సాలెగూడు అయి కనిపిస్తాయి. మనవాడి బానెట్టు మీద కనిపించని గీతలు ఇంకా ఎన్నో ఉన్నాయన్నమాట. ఈ మాట చెప్పి వాణ్ణి ఇంకా బెదిరించటం నా ఉద్దేశం కాదు సుమా.

నేను చెప్పింది నమ్మవద్దు. మీరే చేసి చూడండి. పనికిరాని ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకోండి, పారదర్శకంగా ఉన్నదైతే మరీ మంచిది. మధ్యగా ఒక గీత గీసి రెండు భాగాలు చెయ్యండి. వీధిలో నుంచి చిటికెడు దుమ్ము తెచ్చి రెండు భాగాల మీదా చల్లండి. మొదటి భాగాన్ని పొడిగుడ్డతో పదిసార్లు రుద్దండి. రెండో భాగం మీద ముందు చెంబుతో నీళ్ళు ధారగా పోసి దుమ్ము కొట్టుకుపోనివ్వండి. తరవాత సబ్బునీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో, నొక్కకుండా, పదిసార్లు రుద్దండి. రెంటినీ కడిగి దీపం కింద పెట్టి చూడండి. ఇక మీకు నేను చెప్పవలసింది ఉండదు.

కారు కడగటమూ అంతే. ముందు నీళ్ళు, తరవాత గుడ్డ. అయితే పైపు పెట్టి పావుగంట సేపు వదలమని చెప్పటం లేదు. మీ ఇంటి పైపుతో 15 లీటర్ల బక్కెట్టు ఎన్ని సెకండ్లలో నిండుతుందో గడియారం పెట్టి చూడండి. ఒక నిముషంలో నిండితే, పావుగంటలో 225 లీటర్లు పోయినట్టే. ఆ నీళ్ళు ఎక్కడివి? ఒకప్పుడు ఊరి పక్కనే ఉన్న చెరువులు చాలేవి. తరవాత మంజీర నీళ్ళు వచ్చాయి. 2004 నుంచి కృష్ణ నీళ్ళు, 2015 నుంచి గోదావరి నీళ్ళు, వంద కిలోమీటర్లకు పైగా గొట్టాలలో ప్రయాణం చేసి వస్తున్నాయి. సముద్ర మట్టానికి 500 మీటర్ల కన్న ఎత్తున ఉన్న మన ఊరికి వాటిని యంత్రాలు పెట్టి ఎక్కించవలసి వస్తుంది. అట్లా వచ్చిన నీటిని చక్రాలకు పొయ్యటమా! 2024 మార్చిలో బెంగుళూరులో నీటికి ఎద్దడి వచ్చినప్పుడు, తాగే నీళ్ళతో వాహనాలు కడిగితే 5000 రూపాయల జరిమానా అని అక్కడి నీటి సంస్థ ఉత్తరువు ఇచ్చింది.

మూడు బక్కెట్లు చాలు. ఒకటి కారు మీద పోసి దుమ్ము జార్చటానికి, ఒకటి సబ్బునీళ్ళకు, ఒకటి గుడ్డ జాడించటానికి. బియ్యం కడిగిన నీళ్ళనో, బట్టలు చివరిసారి జాడించిన నీళ్ళనో చక్రాలకు వాడుకోవచ్చు.

జాడించే బక్కెట్టును వేరుగా పెట్టమన్నానే, అది ముఖ్యం. గుడ్డతో ఒక భాగం తుడవగానే దాన్ని ముందు ఈ బక్కెట్టులో ముంచి పిండాలి, తరవాతే సబ్బునీళ్ళలో ముంచాలి. పలుగురాయి నీటికన్న రెండున్నర రెట్లకు పైగా బరువు గనక అడుగుకు దిగిపోతుంది. పని అయినాక ఆ బక్కెట్టును నెమ్మదిగా వంచి అడుగున ఉన్నది వేళ్ళతో తాకి చూడండి. ఒకే బక్కెట్టు అయితే ఆ గరుకంతా మళ్ళీ గుడ్డకు అంటుకుని కారు మీదికే ఎక్కేది.

సబ్బు సంగతి చాలామంది అడుగుతారు. మీ సంపులో బోరు నీళ్ళు ఉంటే ఒంటి సబ్బు నురగ రాదు, తెట్టె కడుతుంది. బోరు నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియము, మెగ్నీషియము సబ్బుతో కలిసి విరిగిపోతాయి, అదీ కారణం. గిన్నెలు తోమే సబ్బు జిడ్డును బాగా వదిలిస్తుంది గాని, కారు మీద మైనం పూత ఉంటే దాన్ని కూడా వదిలిస్తుంది. మా నాయనమ్మ అయితే ప్రతిదానికీ కుంకుడు రసమే అనేది. వెండి సామాను దానితోనే కడిగేది, తెల్లగా మెరిసేది. కారుకు నేను వాడి చూడలేదు గనక వాడమని చెప్పను. కార్ల కోసమే చేసిన షాంపూ రాణీగంజ్‌లో మోటారు సామాను అమ్మే దుకాణాలలో దొరుకుతుంది. ఒక మూతెడు ఒక బక్కెట్టుకు సరిపోతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, కడగటానికి ఇంకో బక్కెట్టు నీళ్ళు కావాలి, అంతే. ఆ నురగ మోరీలో పడి, మోరీ నాలాలో పడి, చివరికి ఎక్కడికి చేరుతుందో మీకు తెలుసునా? పికెట్ నాలా వెళ్ళి కలిసేది హుస్సేన్ సాగర్‌లో.

గుడ్డ మాట కూడా చెప్పాలి. నాన్నగారి పాత బనియను వద్దు, దాని కుట్లు గట్టిగా ఉంటాయి. మైక్రోఫైబర్ అనే మెత్తని గుడ్డలు దొరుకుతాయి. వాటి పోగులు పట్టుపోగు కన్న సన్నం. మిగిలిన రేణువులు ఆ పోగుల మధ్యకు దూరిపోతాయి, పైన రుద్దుకోవు. చక్రాలకు మాత్రం వేరే గుడ్డ ఉంచాలి. బ్రేకు వేసినప్పుడల్లా చక్రం దగ్గర సన్నని ఇనప పొడి రాలుతుంది. ఆ గుడ్డ పొరపాటున బానెట్టు మీదికి వచ్చిందా, మళ్ళీ సాలెగూడే.

తుడవటం పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. ఎక్కువ బురద ఉండేది కిందనే గదా. చెయ్యి ఒకే వైపుకు, తేలిగ్గా పోవాలి.

పొద్దునే కడగాలి, లేదా సాయంత్రం. మిట్టమధ్యాహ్నం బానెట్టు మీద చెయ్యి పెట్టలేం, అప్పుడు పోసిన నీళ్ళు అక్కడికక్కడే ఆరిపోతాయి. నీళ్ళు ఆరినా, నీళ్ళలో కరిగి ఉన్నది ఆరదు. తెల్లని గుండ్రని మచ్చ అయి కూర్చుంటుంది. మీ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున కట్టిన తెల్లని పెచ్చు కూడా ఇదే. కోడిగుడ్డు పెంకులో ఉన్నదీ ముఖ్యంగా ఈ పదార్థమే. గుడ్డు పెంకు మీద ఒక చుక్క వెనిగార్ వేస్తే బుసబుసమని బుడగలు వస్తాయి, చూడండి. కారు మీద పాత మచ్చలు పడి ఉంటే, వెనిగార్‌కు అంతే నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి, ఆ మచ్చ మీద అర నిముషం ఉంచి, వెంటనే కడిగెయ్యాలి. అందుకనే చివరి నీళ్ళు పోసిన వెంటనే పొడి మైక్రోఫైబర్‌తో అద్దాలి. రుద్దటం కాదు, అద్దటం.

పక్షి రెట్ట మాత్రం ఆదివారం దాకా ఆగకూడదు. అందులో తెల్లగా ఉండేది యూరిక్ ఆమ్లం. ఎండలో అది పూతను తినేస్తుంది. తడిగుడ్డ దాని మీద ఐదు నిముషాలు కప్పి ఉంచి, నానినాక ఎత్తి తీసెయ్యాలి. ఎండిపోయినదాన్ని గోటితో గీకితే, రెట్ట చెయ్యని నష్టం గోరు చేస్తుంది.

ఇక మనవాడు అడిగిన రెండో ప్రశ్న, గీతలు చెరపటం. నిజం చెప్పాలంటే గీతను ఎవరూ చెరపలేరు. పాలిష్ అని అమ్మేదానిలో కూడా చాలా మెత్తని గరుకు పొడే ఉంటుంది. అది గీత చుట్టూ ఉన్న పూతను అరగదీసి గీత అడుగుకు సమానం చేస్తుంది. అంటే గీత పోవటం లేదు, చుట్టూ ఉన్న పూత పోతున్నది! 50 మైక్రాన్ల పూతను ఎన్నిసార్లు అరగదీస్తాం? ఏ నాలుగైదేళ్ళకో ఒకసారి, అనుభవమున్న మనిషి చెయ్యవలసిన పని అది. పాత అంబాసిడర్ కార్లకు (2014లో వాటి తయారీ ఆగిపోయింది) ఎన్నో ఏళ్ళపాటు ఈ పారదర్శకపు పూత ఉండేది కాదు. వాటికి పాలిష్ పెడితే గుడ్డకు కారు రంగే అంటుకునేది. గోరు పెట్టి అడ్డంగా లాగితే గోరు చిక్కుకునేటంత లోతు గీతయితే పాలిష్‌తో కూడా పోదు.

పాలిష్ లేకుండా ఇంట్లో చెయ్యగలిగింది ఒకటున్నది. కారు కడిగి, ఆరినాక, మైనం పలచగా రాయటం. మంచి మైనం బ్రెజిల్ దేశంలో పెరిగే ఒకరకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది, దాన్ని కార్నౌబా అంటారు. 80 డిగ్రీలు దాటితేగాని కరగదు. అది సన్నని గీతలలో నిండి, వాటిని కొంతవరకు దాచేస్తుంది. దాని మీద నీళ్ళు పోస్తే తామరాకు మీద పోసినట్టు ముత్యాలై దొర్లుతాయి. తామరాకు మీద మైనపు పూతతోబాటు కంటికి కనపడని బొడిపెలు కూడా ఉంటాయనీ, దుమ్ము నీటిబొట్టుతో కలిసి దొర్లిపోవటానికి అదే కారణమనీ బార్త్‌లాట్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు పరిశోధించి 1997లో వివరంగా ప్రకటించాడు. కారుకు ఆ బొడిపెలు లేవు గనక కొన్ని ముత్యాలు అక్కడే కూర్చుంటాయి. అందంగా ఉన్నాయని వదిలేశారా, ఒక్కొక్క ముత్యం ఒక్కొక్క తెల్లమచ్చ అవుతుంది. మైనం పెట్టిన కారును కూడా అద్దవలసిందే.

కారు లోపలి సంగతి తేలిక. చాపలు బయటికి తీసి దులపండి, సీట్లు బ్రష్‌తో ఊడవండి, ముందరి పలక తడిగుడ్డతో తుడవండి. ఇంజను మీద మాత్రం నీళ్ళు పొయ్యవద్దు, అది పెద్దవాళ్ళ పని. కడగబోయే ముందు ఇంజను ఆపి, తాళంచెవి తీసేసి, చేతి బ్రేకు వేశారో లేదో ఇంట్లో పెద్దవాళ్ళను చూడమనండి.

కడిగిన బక్కెట్లను బోర్లించండి. ఈ మాట సికింద్రాబాదు పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మీ బేగంపేటలోనే గదా.

మారేడుపల్లి అబ్బాయికి ఇంకొక మాట. నాన్నగారు చూసేదాకా ఆగవద్దు. ఆదివారం సాయంత్రం నువ్వే ఆయన్ను బానెట్టు దగ్గరికి తీసుకుపోయి గీతలు చూపించు. ఒక చేతిలో స్కేలు కూడా పట్టుకుపో. రెండు భాగాలూ చూపించి జరిగింది చెప్పు. కారు కడిగినాక మొదటిసారి బయటికి తీసేటప్పుడు బ్రేకు రెండు మూడుసార్లు మెల్లిగా తొక్కి తడి ఆర్చుకోవాలని కూడా ఆయనతో చెప్పు. తక్కిన పిల్లలు తమ స్కేళ్ళ మీద ఎన్ని గీతలు పడ్డాయో లెక్కపెట్టి నాకు రాయండి. దుమ్ము ఏ ఊరిదో రాయటం మరిచిపోకండి. నల్లరేగడి నేల దుమ్ముకూ మౌలాలీ దుమ్ముకూ ఎంత తేడా ఉన్నదో చూడాలని నాకు ఎప్పటినుంచో ఉన్నది.